మునీ బాండ్ల మీద పచ్చ ముద్ర: మీ డబ్బు ఏ గొట్టంలోకి పోతోందో చూసి కొనడం ఎలా

మురుగు నదిలో కలవకుండా ఆపే పని. కొత్త గొట్టాలు, కొత్త శుద్ధి కేంద్రాలు. పర్యావరణానికి ఇంతకంటే సూటిగా మేలు చేసే అప్పు ఏముంటుంది? అలబామాలో బర్మింగ్‌హామ్ నగరం ఉన్న జెఫర్సన్ కౌంటీ, కహాబా నదిలోకి మురుగు వదలడం ఆపుతామని 1996లో కోర్టు సాక్షిగా ఒప్పుకుని, ఆ పని కోసం బాండ్లు అమ్మింది. తర్వాత ఆ అప్పుని మారే వడ్డీల్లోకి, వడ్డీ స్వాపుల్లోకి (ఒక రకం వడ్డీని ఇంకో రకంతో మార్చుకునే బ్యాంకు ఒప్పందాలు) తిరగరాశారు. లంచాలు చేతులు మారాయి, కౌంటీ పెద్దలు జైలుకెళ్లారు. 2008లో మార్కెట్ తిరగబడేసరికి వడ్డీలు కట్టలేని స్థితి వచ్చింది. 2011లో కౌంటీ దివాలా తీసింది. అప్పటికి అమెరికాలో అంత పెద్ద స్థానిక ప్రభుత్వ దివాలా లేదు. బాండ్లు కొన్నవాళ్లు నష్టపోయారు, మురుగు బిల్లులు ఎన్నో రెట్లు పెరిగి అక్కడి పేదవాళ్లూ నష్టపోయారు.

మునిసిపల్ బాండ్లలో (రాష్ట్రాలు, నగరాలు, కౌంటీలు, వాటి సంస్థలు తెచ్చే అప్పు, వాడుకలో మునీలు) మంచి పనికి డబ్బు పెట్టాలనుకునేవాళ్లకి నేను మొదట చెప్పే కథ ఇదే. పని మంచిదైనంత మాత్రాన బాండు మంచిదైపోదు. అయితే ఇంకో సంగతి కూడా ఉంది. ఒక పెద్ద కంపెనీ షేరు కొంటే మీ డాలరు ఎక్కడ ఖర్చయిందో ఎవరూ చెప్పలేరు. మునీ బాండు అలా కాదు, ఏ ఊళ్లో ఏ పైపులైనుకి, ఏ స్కూలు భవనానికి డబ్బు వెళ్తుందో కాగితం మీద రాసి ఉంటుంది. ఆ కాగితం చదివే ఓపిక ఉన్నవాళ్ల కోసమే ఈ మార్గదర్శి.

మొదటి అడుగు: మీకు నిజంగా ఏం కావాలో తేల్చుకోండి

“సస్టెయినబుల్”, “ఇంపాక్ట్”, “ఈఎస్‌జీ” (పర్యావరణం, సమాజం, పాలన) అన్న మాటలని అమ్మేవాళ్లు ఒకే గాటన కట్టేస్తారు. నిజానికి అవి మూడు వేరు వేరు కోరికలు.

నా డబ్బు చెడ్డ పనికి పోకూడదు అనేది మొదటిది. జైలు కట్టడానికో బొగ్గు ప్లాంటుకో ఇవ్వను అనుకోవడం. వరదలు, అప్పులు, అవినీతి ఉన్న చోట నా అసలు ఇరుక్కోకూడదు అనేది రెండోది. ఇందులో పుణ్యం ఏమీ లేదు, అది మామూలు జాగ్రత్తే. నా డబ్బు వల్ల ఏదో ఒకటి మారాలి అనేది మూడోది.

మూడోది చాలా కష్టం. ఇప్పటికే మార్కెట్లో ఉన్న బాండుని ఇంకొకరి దగ్గర కొంటే ఆ నగరానికి ఒక్క డాలరు కూడా కొత్తగా చేరదు. డబ్బు అమ్మినవాడి జేబులోకి వెళ్తుంది, అంతే. కొనేవాళ్లు ఎక్కువైతే ఆ నగరం తర్వాతి సారి తక్కువ వడ్డీకి అప్పు తెచ్చుకోగలదన్న వాదన ఉంది. అది అబద్ధం కాదు గానీ, మీ పదివేల డాలర్ల వల్ల వచ్చే తేడా మాత్రం దాదాపు సున్నా. మార్పే కావాలంటే బాండు కొత్తగా అమ్ముతున్నప్పుడు కొనాలి, అది కూడా కొనేవాళ్లు తక్కువగా ఉన్న చిన్న సంస్థల బాండు అయితే మేలు. దీని సంగతి ఏడో అడుగులో చూద్దాం.

రెండో అడుగు: పన్ను లెక్క ముందే వేసుకోండి

మునీ బాండ్ల వడ్డీ మీద సాధారణంగా ఫెడరల్ ఇన్‌కమ్ ట్యాక్స్ ఉండదు. మీరు ఉండే రాష్ట్రం బాండైతే రాష్ట్రపు పన్ను కూడా చాలా చోట్ల ఉండదు. ఇల్లినాయ్ లాంటి కొన్ని రాష్ట్రాలు మాత్రం తమ సొంత బాండ్లలో చాలా వాటి మీద కూడా పన్ను వేస్తాయి. టెక్సస్, ఫ్లోరిడాల్లో రాష్ట్ర ఇన్‌కమ్ ట్యాక్సే లేదు కాబట్టి అక్కడ ఉండేవాళ్లు ఏ రాష్ట్రం బాండు కొన్నా ఒకటే.

లెక్క తేలికే. మునీ యీల్డుని (కొన్న ధర మీద ఏటా వచ్చే రాబడి శాతాన్ని), ఒకటిలోంచి మీ పన్ను రేటు తీసేయగా మిగిలినదానితో భాగించండి. 3.5% మునీ, 35% స్లాబులో ఉన్నవారికి 3.5 ÷ 0.65, అంటే పన్ను కట్టాల్సిన బాండులో 5.38%కి సమానం. అదే 12% స్లాబులో ఉన్నవారికి 3.98% మాత్రమే. ఆ స్లాబులో ఉన్నవాళ్లకి ట్రెజరీయో (ఫెడరల్ ప్రభుత్వ బాండు) సీడీయో (బ్యాంకు డిపాజిట్) ఎక్కువ ఇస్తుంటే, మునీ కొనడం అంటే మంచితనం పేరుతో వడ్డీ వదులుకోవడమే. తెలిసి వదులుకుంటే తప్పు లేదు, తెలియక వదులుకోకూడదు.

ఇక్కడ నాలుగైదు గుంతలున్నాయి. ఐఆర్ఏ, 401కే రిటైర్మెంట్ ఖాతాల్లో పన్ను లేని మునీలు పెట్టొద్దు, ఆ రాయితీ అక్కడ వృథా. కొన్ని ప్రైవేట్ యాక్టివిటీ బాండ్ల (ప్రైవేటు సంస్థల పనులకి అమ్మే మునీలు) వడ్డీ మీద ఏఎంటీ (వేరే లెక్కతో వేసే కనీస పన్ను) పడుతుంది. సోషల్ సెక్యూరిటీ మీద పన్ను, మెడికేర్ ప్రీమియం లెక్కించేటప్పుడు మునీ వడ్డీని కూడా కలుపుతారు. 100 ముఖ విలువ కంటే బాగా తక్కువకి, అంటే డిస్కౌంట్‌లో కొన్న బాండుకి, మిగిలిన ప్రతి పూర్తి ఏడాదికీ పావు పాయింటు కంటే ఎక్కువ డిస్కౌంట్ ఉంటే, ఆ లాభాన్ని మామూలు ఆదాయంగా చూస్తారు. పదేళ్లు మిగిలిన బాండుని 97.5 కంటే తక్కువకి కొంటే ఈ రూలు తగులుతుంది. ఇక ఇండియాకి తిరిగి వెళ్లి పూర్తి రెసిడెంటు అయినవాళ్లకి అక్కడ ఈ వడ్డీ మీద పన్ను ఉంటుంది. అమెరికా ఇచ్చిన రాయితీని అక్కడి ఆదాయపు పన్ను శాఖ పట్టించుకోదు. మీ సీపీఏని అడగాల్సిన ప్రశ్నలు ఇవే.

మూడో అడుగు: అప్పు తీర్చేది ఎవరు?

బాండు మీద ఊరి పేరు ఉన్నంత మాత్రాన ఊరే తీరుస్తుందనుకోవద్దు. జనరల్ ఆబ్లిగేషన్ బాండుని ప్రభుత్వం తన పన్నుల బలంతో తీరుస్తుంది. రెవెన్యూ బాండుని ఒక్క ఆదాయ మార్గంతోనే తీరుస్తుంది, నీటి బిల్లులు, టోల్ రుసుములు, ఎయిర్‌పోర్టు ఫీజులు అలాగన్నమాట. మూడో రకం కాండూట్ బాండు. ఇందులో ప్రభుత్వ సంస్థ పేరు కవరు మీద మాత్రమే ఉంటుంది, లోపల అప్పు తీర్చాల్సింది ఏ ఆసుపత్రో, వృద్ధాశ్రమమో, ప్రైవేటు ప్లాంటో.

మొదటి రకమే అన్నిటికంటే భద్రం అని చాలామంది చెబుతారు. డెట్రాయిట్ 2013లో దాదాపు 1,800 కోట్ల డాలర్ల అప్పుతో దివాలా తీసినప్పుడు ఆ నమ్మకం చెదిరింది. ఓటర్లు ఆమోదించిన జనరల్ ఆబ్లిగేషన్ బాండ్లు కొన్నవాళ్లకి డాలరుకి 74 సెంట్లు వచ్చాయి. నీరు, మురుగు రెవెన్యూ బాండ్లు కొన్నవాళ్లకి మాత్రం అసలు పూర్తిగా దక్కింది.

పచ్చ ముద్ర, అంటే పర్యావరణానికి మేలు చేస్తుందన్న “గ్రీన్” పేరు, వెతికేవాళ్లు ఎక్కువగా దెబ్బతినేది కాండూట్ బాండ్లలో. ఇండియానా రాష్ట్రంలో యాష్లీ అనే చిన్న ఊళ్లో ప్లాస్టిక్‌ని తిరిగి ఇంధనంగా, ముడిసరుకుగా మార్చే ప్లాంటు కోసం 2019లో 18.5 కోట్ల డాలర్ల గ్రీన్ బాండ్లు అమ్మారు. పైన పేరు రాష్ట్ర ఫైనాన్స్ అథారిటీది. ప్లాంటు అనుకున్నంత ఉత్పత్తి ఎప్పుడూ చేయలేదు, 2025లో దివాలా తీసింది. రాష్ట్రం ఒక్క పైసా తీర్చాల్సిన పని లేదు, ఆ మాట మొదటి పేజీలోనే ఉంటుంది.

నా నియమం చెబుతాను. టెక్నాలజీ కొత్తది, రేటింగ్ (అప్పు తీర్చే సత్తాకి బయటి ఏజెన్సీ ఇచ్చే గ్రేడు) లేదు, ఆదాయం ప్లాంటు కట్టాక మొదలవుతుంది. ఈ మూడూ కలిసి ఉన్న గ్రీన్ బాండు జోలికి నేను వెళ్లను. అది బాండు వేషం వేసుకున్న స్టార్టప్ షేరు, కాకపోతే లాభం వస్తే మీకు వాటా రాదు.

నాలుగో అడుగు: పచ్చ ముద్ర వెనక్కి తొంగి చూడండి

అమెరికాలో గ్రీన్ అని పేరు పెట్టి మునీ బాండు అమ్మిన మొదటి రాష్ట్రం మసాచుసెట్స్, 2013లో 10 కోట్ల డాలర్లకి. అదే ఏడాది స్వీడన్‌లో గోథెన్‌బర్గ్ నగరం కూడా అమ్మింది. 2014లో గ్రీన్ బాండ్ ప్రిన్సిపుల్స్ అనే సూత్రాలు వచ్చాయి. వాటిలో నాలుగే విషయాలు. డబ్బు దేనికి వాడతారు, ప్రాజెక్టుని ఎలా ఎంచుకున్నారు, ఖర్చయ్యేదాకా డబ్బుని విడిగా ఎలా ఉంచుతారు, తర్వాత ఏం చేశామో ఎలా చెబుతారు. సోషల్ బాండ్లకీ (సామాజిక పనుల కోసం అమ్మేవి) ఇలాంటివే ఉన్నాయి. ఇవన్నీ స్వచ్ఛందం. ఫలానాది మాత్రమే గ్రీన్ మునీ అని చెప్పే ఫెడరల్ చట్టం లేదు. అమ్మే సంస్థ తన ముద్ర తనే వేసుకోవచ్చు.

అందుకే 2014లో మసాచుసెట్స్‌లోనే రాష్ట్ర కాలేజీల భవనాల సంస్థ అమ్మిన గ్రీన్ బాండ్ల డబ్బులో కొంత ఒక కాలేజీ పార్కింగ్ గ్యారేజీకి వెళ్లింది. కార్లు పెట్టుకునే చోటు గ్రీన్ ఎలా అయిందని అప్పట్లో పెద్ద చర్చే నడిచింది.

ముద్రల్లో మూడు మెట్లున్నాయి. సంస్థ తనకు తానే వేసుకున్నది అడుగు మెట్టు. బయటి సంస్థ చదివి అభిప్రాయం రాస్తే కొంచెం పైమెట్టు. రాసిన ప్రమాణాలకి సరిపోయిందని సర్టిఫికెట్ ఇస్తే ఇంకో మెట్టు. శాన్ ఫ్రాన్సిస్కో నీటి సంస్థ 2016లో క్లైమేట్ బాండ్స్ అనే సంస్థ నీటి ప్రమాణం కింద మొదటి సర్టిఫికెట్ తీసుకుంది. సర్టిఫికెట్ ఉన్నా అది ప్రాజెక్టు గురించే మాట్లాడుతుంది తప్ప, మీ అసలు తిరిగొస్తుందా లేదా అన్నది చెప్పదు.

అసలు విషయం ఏంటంటే, మంచి పని చేసే మునీల్లో ఎక్కువ భాగానికి ఏ ముద్రా లేదు. చిన్న ఊరి నీటి సంస్థ సీసం గొట్టాలు తీసేసి కొత్తవి వేస్తుంది, బయటి అభిప్రాయానికి డబ్బు, మనుషులు లేక మామూలు బాండుగానే అమ్ముతుంది. ముద్రతో మాత్రమే వెతికితే అదెప్పుడూ మీ కంటపడదు. అలాగని ప్రజల సంస్థ అంటే శుభ్రం అనుకోవద్దు. ఇల్లినాయ్‌లో 2012లో మొదలైన ప్రెయిరీ స్టేట్ బొగ్గు విద్యుత్ కేంద్రానికి డబ్బు పెట్టింది ఎక్కువగా చిన్న పట్టణాల విద్యుత్ సంస్థలే, మునీ బాండ్ల మీద అప్పు తెచ్చి మరీ.

ముద్ర ఉందని తక్కువ యీల్డుకి ఒప్పుకోమంటే ఒప్పుకోకండి. అదే సంస్థ, అదే మెచ్యూరిటీ (అసలు తిరిగిచ్చే గడువు), అదే భద్రత ఉన్న మామూలు బాండుతో పోల్చి చూడండి. తీర్చే చెయ్యి ఒకటే అయినప్పుడు ముద్రకి వేరే ధర ఎందుకు?

ఫలితానికి డబ్బుని ముడిపెట్టిన బాండ్లు

ఇక్కడ కాసేపు ఆగాలి, ఎందుకంటే ఇంపాక్ట్ అన్న మాటకి నిజంగా సరిపోయే ఉదాహరణ ఇదే. వాషింగ్టన్ డీసీలో వాన పడితే వాననీరు, మురుగు ఒకే గొట్టంలో కలిసి పొంగి అనకోస్టియా, పొటోమాక్ నదుల్లోకి పోయేవి. డీసీ వాటర్ సంస్థ 2014లో భారీ సొరంగాల కోసం 35 కోట్ల డాలర్ల గ్రీన్ బాండు అమ్మింది, మెచ్యూరిటీ వందేళ్లు. సొరంగం మూడు నాలుగు తరాలకి పనికొస్తుంది కాబట్టి అప్పు కూడా ఆ తరాలే తీర్చాలన్నది వాళ్ల తర్కం.

2016లో ఇంకో ప్రయోగం చేశారు. వాననీరు గొట్టంలోకి వెళ్లకుండా నేలలో ఇంకే ఏర్పాట్ల కోసం 2.5 కోట్ల డాలర్ల బాండు. వాననీటి ప్రవాహం 41.3% కంటే ఎక్కువ తగ్గితే సంస్థ పెట్టుబడిదారులకి 33 లక్షల డాలర్లు అదనంగా ఇస్తుంది. 18.6% కంటే తక్కువ తగ్గితే పెట్టుబడిదారులే సంస్థకి అంత ఇవ్వాలి. మధ్యలో ఉంటే ఎవరూ ఎవరికీ ఇవ్వక్కర్లేదు. 2021లో కొలిస్తే తగ్గుదల 20% దగ్గర తేలింది, అంటే మధ్యలో. గొప్ప విజయం అనలేం. కానీ ముందే గీత గీసి, తర్వాత కొలిచి, అంకె బయటపెట్టారు చూడండి, అది చాలా గ్రీన్ బాండ్లలో కనపడదు. 2019లో అట్లాంటా ఇలాంటిదే 1.4 కోట్ల డాలర్ల బాండుని బహిరంగ మార్కెట్లో అమ్మింది. ఇలాంటివి అరుదు, మామూలు మనిషికి దొరకడం ఇంకా అరుదు. అయినా ఏ బాండు చూసినా “గీత ఎక్కడ గీశారు, ఎవరు కొలుస్తారు” అని అడగడం వీటి నుంచే నేర్చుకోవాలి.

ఐదో అడుగు: అఫీషియల్ స్టేట్‌మెంట్ చదవండి

ఇది అసలు పని. మునీ మార్కెట్ రూల్స్ రాసే ఎంఎస్ఆర్‌బీ నడిపే ఎమ్మా అనే వెబ్‌సైట్ ఉంది, ఉచితం. బాండు క్యూసిప్ నంబరు, అంటే తొమ్మిది అక్షరాల గుర్తు, అక్కడ కొడితే అఫీషియల్ స్టేట్‌మెంట్ (బాండు అమ్మేటప్పుడు ఇచ్చే వివరాల పత్రం), జరిగిన లావాదేవీల ధరలు, ఏటా సమర్పించిన లెక్కలు అన్నీ వస్తాయి. కంపెనీ షేర్ల లాగా ఎస్ఈసీ (ఫెడరల్ స్టాక్ మార్కెట్ నియంత్రణ సంస్థ) ముందుగా ఈ కాగితాలు తనిఖీ చేయదు. 1975 నాటి టవర్ సవరణ వల్ల మునీలు అమ్మే ప్రభుత్వాల నుంచి ముందస్తు ఫైలింగ్ అడిగే అధికారం దానికి లేదు. కాబట్టి చదివే బాధ్యత మీదే.

రెండు మూడు వందల పేజీలు చూసి టెన్షన్ పడొద్దు. మొదటి నుంచి చివరిదాకా చదవక్కర్లేదు. నేను చదివే వరస ఇది.

కవరు పేజీ. ఇక్కడ తీర్చేది ఎవరు, రేటింగులు ఎంత, కాల్ తేదీ (గడువుకి ముందే సంస్థ బాండుని తీర్చేసి వెనక్కి తీసుకోగల తేదీ) ఏది అన్నవి ఉంటాయి. “ఈ బాండు రాష్ట్రపు అప్పు కాదు” అన్న వాక్యం ఉంటే అది పెద్దక్షరాల్లోనే ఉంటుంది, దాటేయకండి.

తర్వాత నేరుగా సోర్సెస్ అండ్ యూజెస్ అనే పట్టికకి వెళ్లండి. ఒక వైపు డబ్బు ఎక్కడి నుంచి వచ్చింది, ఇంకో వైపు ఎక్కడికి పోతుంది. నిజం అంతా ఈ సగం పేజీలోనే ఉంటుంది. ప్రాజెక్టు ఖాతాకి ఎంత? పాత బాండ్లు తీర్చడానికి ఎంత? మొదటి ఏళ్ల వడ్డీని ఈ అప్పులోంచే కడుతున్నారా? నేను మొదట కొన్న గ్రీన్ బాండు విషయంలో ఈ పట్టిక చూడనే లేదు. కొన్నాక చూస్తే డబ్బంతా పాత బాండ్లు తీర్చడానికే. ఆ పాత బాండ్లతో కట్టిన శుద్ధి కేంద్రం అప్పటికే ఏళ్లుగా నడుస్తోంది. మోసం ఏమీ లేదు, రూల్స్ ప్రకారం అదీ గ్రీనే. కానీ నా డబ్బుతో ఏదో కొత్తది కడుతున్నారని మురిసిపోయిన రెండు నెలలూ దండగ.

మూడోది సెక్యూరిటీ అన్న భాగం. రెవెన్యూ బాండైతే వసూలైన డబ్బు ఏ క్రమంలో ఎవరికి వెళ్తుందో ఇక్కడ ఉంటుంది. డెట్ సర్వీస్ కవరేజ్ చూడండి. ఖర్చులు పోగా మిగిలింది, ఆ ఏడు కట్టాల్సిన అసలు వడ్డీలకి ఎన్ని రెట్లు? 1.0 దగ్గర ఉంటే ఒక్క కరువు, ఒక్క పెద్ద మరమ్మతు వస్తే చాలు మునగడానికి. నీటి సంస్థల్లో నాకు ఒకటిన్నర దాటితే కాస్త నిద్రపడుతుంది.

ఆ తర్వాత ఫైల్లో కొన్ని మాటలు వెతకండి. గ్రీన్, క్లైమేట్, కన్సెంట్ డిక్రీ (కోర్టు ద్వారా ఒప్పుకున్న కట్టుబాటు), లిటిగేషన్ (కోర్టు కేసులు), స్వాప్, పెన్షన్. కన్సెంట్ డిక్రీ కనిపిస్తే రెండర్థాలు. ఆ పని కోర్టు ఒత్తిడి మీద ఎలాగూ జరుగుతుంది, మీ బాండు వల్ల మొదలైంది కాదు. ఇంకా చేయాల్సిన ఖర్చు చాలానే ఉంది, మరిన్ని అప్పులు వస్తాయి. స్వాప్ కనిపిస్తే జెఫర్సన్ కౌంటీ గుర్తు తెచ్చుకోండి.

చివరిగా కంటిన్యూయింగ్ డిస్‌క్లోజర్. ఏటా లెక్కలు ఎప్పటిలోగా ఇస్తామన్నారు, గత ఐదేళ్లలో ఎన్నిసార్లు తప్పారు అన్నది వాళ్లే రాస్తారు. లెక్కలే సమయానికి ఇవ్వలేని సంస్థ పర్యావరణ రిపోర్టు ఇస్తుందంటే నేను నమ్మను.

ఆరో అడుగు: భారం ఎవరి మీద పడుతోంది?

ఇంపాక్ట్ అనగానే అందరూ ప్రాజెక్టు వైపే చూస్తారు. మునీ బాండులో రెండో వైపు కూడా ఉంది. మీకొచ్చే వడ్డీ ఎవరో ఒకరి బిల్లులోంచి వస్తుంది.

డెట్రాయిట్ నీటి బాండ్లు పూర్తిగా తీరాయని చెప్పాను కదా. ఆ దివాలా నడుస్తున్న 2014లోనే, బిల్లు కట్టలేదని ఆ నగరంలో వేల ఇళ్లకి నీళ్లు ఆపేశారు. ఐక్యరాజ్య సమితి మానవ హక్కుల నిపుణులు కూడా తప్పుబట్టారు. నీరు అన్న మాట కనపడగానే మంచి బాండు అని టిక్కు పెట్టే పద్ధతికి ఇది దొరకదు. కాబట్టి నీటి సంస్థల్లో గత పదేళ్లలో రేట్లు ఎంత పెరిగాయి, పేదవాళ్లకి రాయితీ పథకం ఉందా అని చూడండి. ఊరి ఆదాయాలతో పోల్చి బిల్లు ఎంతో కొన్ని స్టేట్‌మెంట్లు వాళ్లే రాస్తాయి.

జనరల్ ఆబ్లిగేషన్ బాండుల్లో జరిమానాల ఆదాయం ఎంతో చూడండి. మిస్సోరిలోని ఫెర్గూసన్ నగరం పోలీసు జరిమానాలు, కోర్టు ఫీజుల మీద ఎంతగా ఆధారపడిందో 2015లో న్యాయశాఖ నివేదిక బయటపెట్టింది. ఆ అంకె అంతకుముందు నుంచీ బడ్జెట్లలో కనిపిస్తూనే ఉంది, చూసినవాళ్లు లేరు.

పొగాకు బాండ్లది ఇంకో వింత. 1998లో సిగరెట్ కంపెనీలు 46 రాష్ట్రాలతో రాజీపడి ఏటా డబ్బు ఇస్తామన్నాయి. చాలా రాష్ట్రాలు ఆ రాబోయే డబ్బుని తాకట్టు పెట్టి బాండ్లు అమ్మేశాయి. జనం పొగ తాగడం తగ్గితే రాష్ట్రాలకి వచ్చేది తగ్గుతుంది, బాండ్లకి గండం. పొగాకు మానిపించాల్సిన ప్రభుత్వం పేరుతో అమ్మిన కాగితం, పొగ తాగేవాళ్లుంటేనే బతుకుతుంది. మీ మునీ ఫండులో ఇవి ఉన్నాయేమో ఒకసారి చూసుకోండి, చాలా హై యీల్డ్ (ఎక్కువ రిస్కుకి ఎక్కువ వడ్డీ ఇచ్చే) ఫండ్లలో ఉంటాయి.

వరదలు, మంటల సంగతి కూడా భారం కిందకే వస్తుంది. కత్రినా తుఫాను తర్వాత ఏడాదికి న్యూ ఆర్లీన్స్‌లో సగం జనం కూడా లేరు, పన్నులు కట్టేదెవరు? 2025 జనవరిలో లాస్ ఏంజెలెస్ మంటల తర్వాత అక్కడి నీటి, విద్యుత్ సంస్థ రేటింగుని ఎస్ అండ్ పీ అనే రేటింగ్ ఏజెన్సీ తగ్గించింది. రేటింగ్ ముందే హెచ్చరిస్తుందని నమ్ముకోకండి. ప్రమాదం ఉన్న ఊరిని వదిలేయమని కాదు, అలా అందరూ వదిలేస్తే గట్లు కట్టుకోవడానికి వాళ్లకి అప్పే పుట్టదు. మయామీ ఓటర్లు 2017లో 40 కోట్ల డాలర్ల బాండుకి ఒప్పుకున్నారు, అందులో సగానికి దగ్గరగా సముద్రం పైకి రావడాన్ని, వరదలని తట్టుకునే పనులకే. ఇలాంటి చోట నేను పదేళ్ల లోపు మెచ్యూరిటీ మాత్రమే తీసుకుంటాను. ముప్పై ఏళ్ల తర్వాత ఆ తీరం ఎలా ఉంటుందో పందెం కాయను.

ఏడో అడుగు: కొనడం

కొత్తగా అమ్మే బాండు కొనాలంటే రిటైల్ ఆర్డర్ పీరియడ్ కోసం చూడండి. పెద్ద సంస్థలు చాలా వరకు పెద్ద ఫండ్ల కంటే ముందు ఒకటి రెండు రోజులు మామూలు మనుషులకి అవకాశం ఇస్తాయి. బ్రోకర్ మార్కప్ (ధర మీద కలుపుకునే లాభం) లేకుండా అందరికీ ఒకే ధర దొరుకుతుంది, డబ్బు నేరుగా ప్రాజెక్టుకి వెళ్తుంది. మామూలుగా 5,000 డాలర్ల నుంచి మొదలు. అంతకంటే తక్కువకి దొరికే సందర్భాలూ ఉన్నాయి. డెన్వర్ నగరం 2014లో 500 డాలర్ల మినీ బాండ్లు తన రాష్ట్రవాసులకే అమ్మితే 1.2 కోట్ల డాలర్ల సరుకు గంటలో అయిపోయింది. ఇలాంటివి ఎప్పుడో గానీ రావు, మీ నగర ఫైనాన్స్ ఆఫీసు మెయిల్ లిస్టులో పేరు ఇచ్చి ఉంచండి.

పాత బాండు కొనేటప్పుడు బ్రోకర్ చెప్పిన ధరని ఎమ్మాలో ఆ రోజు, ఆ వారం లావాదేవీలతో పోల్చండి. డీలర్లు ఒకరికొకరు 101కి ఇచ్చుకున్నది మీకు 103కి చెబుతుంటే, దాదాపు మీ ఆరు నెలల వడ్డీ వాళ్ల చేతిలో పెడుతున్నట్టే. ఇంకోటి, కూపన్ (బాండు మీద రాసిన వడ్డీ రేటు) చూసి మురవొద్దు, యీల్డ్ టు వర్స్ట్ (కాల్ చేసినా చేయకపోయినా రాగల అతి తక్కువ రాబడి) అడగండి. 106కి కొన్న 5% బాండుని మూడేళ్లలో 100కి కాల్ చేస్తే మీకు ఏడాదికి మిగిలేది 3% లోపే.

లక్ష డాలర్ల కంటే తక్కువ పెట్టేవాళ్లు విడి బాండ్ల కంటే ఫండు చూసుకోవడం మేలని నా అభిప్రాయం. ఐదారు బాండ్లలో ఒకటి మునిగితే కోలుకోవడం కష్టం. ఫండు పేరులో ఏముందని కాకుండా లోపలి లిస్టు తెరిచి చూడండి. పాతిక పేర్లు చదివితే చాలు దాని గుణం తెలిసిపోతుంది. దేన్ని వద్దనుకుని బయట పెట్టారో అడగండి. సూటిగా జవాబు రాకపోతే అది మామూలు ఫండే, ఫీజు మాత్రం ఎక్కువ. డ్యూరేషన్ కూడా చూడాలి, 6 ఉంటే వడ్డీ రేట్లు ఒక శాతం పెరిగినప్పుడు ధర ఆరు శాతం వరకు పడుతుంది. 2022లో మునీ మార్కెట్ మొత్తం సూచీ దాదాపు 8.5% నష్టపోయింది, గ్రీన్ అయినా కాకపోయినా.

ఎనిమిదో అడుగు: కొన్నాక వెంటపడటం

ఎమ్మాలో మీ క్యూసిప్‌కి అలర్ట్ పెట్టుకోండి. రేటింగ్ మారినా, కట్టాల్సింది కట్టకపోయినా, రిజర్వు డబ్బు తీసి వాడినా పది పనిదినాల్లో అక్కడ నోటీసు పెట్టాలి. ఏటా వచ్చే లెక్కల్లో కవరేజ్ ఒక్కటీ మీ దగ్గర రాసి ఉంచుకోండి, మూడేళ్లు వరసగా పడుతుంటే కారణం వెతకండి.

గ్రీన్ రిపోర్టు వేరే సంగతి. చాలా స్టేట్‌మెంట్లలో లోపలెక్కడో ఒక వాక్యం ఉంటుంది: డబ్బుని చెప్పిన గ్రీన్ పనికి వాడకపోయినా, రిపోర్టు ఇవ్వకపోయినా అది డిఫాల్ట్ కిందకి రాదు అని. అంటే పచ్చ ముద్ర మీద మీకు కోర్టుకి వెళ్లే హక్కు దాదాపు లేనట్టే. ఉన్నది అడిగే హక్కు. స్టేట్‌మెంట్ కవరు వెనకో చివరి పేజీల్లోనో ఫైనాన్స్ డైరెక్టర్ ఆఫీసు చిరునామా ఉంటుంది. “ఫలానా సిరీస్ డబ్బులో ఇప్పటిదాకా ఎంత ఖర్చయింది, దేనికి, మిగిలింది ఏ ఖాతాలో ఉంది?” అని మూడు ముక్కల్లో ఈమెయిల్ రాయండి. నేను రాసిన వాటిలో పెద్ద నగరాలు ఒక పీడీఎఫ్ లింకు పంపి ఊరుకున్నాయి. చిన్న నీటి సంస్థ ఒకదాని మేనేజరు మాత్రం ఫోన్ చేసి, ఏ వీధిలో గొట్టాలు మార్చారో, ఏ వీధి ఇంకా మిగిలిందో ఇరవై నిమిషాలు చెప్పాడు.